వయోలాలో యోసేపు

(శతాబ్ది ఉత్సవముల సందర్భముగా జరిగిన గాయక బృందముల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



పాట వినిపించేటప్పుడు వెనుక బల్లమీద కూర్చున్న ఒక పెద్దాయన పక్కవారితో, "నూరేళ్ల పండుగనాడు మన కీర్తనలను గూర్చి చెప్పక, పాస్టరుగారు ఈ జర్మనీ పాట పట్టుకొచ్చారేమిటి?" అనడము నా చెవిని పడింది. అది న్యాయమైన ప్రశ్నే. మన కీర్తనలను గూర్చి మాట్లాడటానికి నాకంటె ఎక్కువ తెలిసినవారు ఈ మధ్యాహ్నము లేవబోతున్నారు. నేను రెండు పంటలు చేతికొచ్చిన రైతుకు మూడవ విత్తనము చూపించినట్లు, మరొక చోట మొలిచిన పాటను చూపించాలనుకున్నాను. అదిగాక, ఆ పాట కట్టిన కాలములోనే మన పురుషోత్తమ చౌదరిగారు తెలుగులో కీర్తనలు వ్రాస్తూ ఉన్నారు. ఆయన 1803 నుండి 1890 వరకు జీవించారు. ఈ పాట కట్టిన యోహానెస్ బ్రామ్స్ 1833లో హాంబర్గు పట్టణములో పుట్టి 1897లో వియన్నాలో చనిపోయాడు. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు విని ఉండరు. ఇద్దరికీ ఆధారము మాత్రము ఒకే గ్రంథము.

ఇప్పుడు మీరు విన్నది 1941లో అమెరికాలో రికార్డు చేసినది. పాడినది మేరియన్ ఆండర్సన్. పియానో వాయించినది ఫ్రాంజ్ రుప్. మొదట పాడే ఆమె గొంతు రాకముందే ఒక తంత్రీవాద్యము ఊయల ఊపినట్లు ఒక పాత బాణీ వాయించింది గదా, అది వయోలా. వాయించినవాడు విలియం ప్రింరోజ్. నేను దీనిని మొదటిసారి విన్నది వేదాంత కళాశాలలో. మాకు పాత నిబంధన చెప్పిన ఒక వృద్ధ గురువుగారి దగ్గర అరిగిపోయిన క్యాసెట్టు ఒకటి ఉండేది. అందులో పాటకంటె గరగర శబ్దమే ఎక్కువ. ఇప్పుడు ఫోనులో వెదికితే ఎవరికైనా దొరుకుతుంది.

వయోలాను గూర్చి ముందు రెండు మాటలు చెప్పాలి. వయొలిను మనకు క్రొత్త కాదు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పేరు వినని తెలుగువారు అరుదు. వయోలా దానికి అక్కగారి వంటిది. ఆకారము అదే, కొంచెము పెద్దది. వయొలినుకున్న నాలుగు తంత్రులలో అన్నిటికంటె పైస్థాయి తంత్రి దీనికి ఉండదు. దానికి బదులుగా క్రింద ఒక మందమైన తంత్రి ఉంటుంది. మన గోదావరి సీమలో శంకరగుప్తములో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు వయోలా కూడ వాయించేవారు. కాబట్టి ఇది మన చెవికి పూర్తిగా పరాయిది కూడ కాదు.

ఈ వాద్యములో ఒక చిక్కు ఉంది. దాని క్రింది స్వరములు నిండుగా పలకాలంటే పెట్టె ఇంకా చాలా పెద్దదిగా ఉండాలి. అంత పెద్దది చేస్తే గడ్డము క్రింద పెట్టుకొని వాయించలేరు. అందుచేత పనివారు మధ్యస్థముగా ఒక కొలత పెట్టుకున్నారు. ఆ రాజీ వలననే వయోలా గొంతులో ఒక బొంగురుతనము, ముసుగు వేసినట్లు ఒక మరుగు ఉంటుంది. వయొలిను వలె మెరవదు. చెల్లో వలె గంభీరముగా పలుకదు. పెద్ద వాద్యబృందములలో దాని పని ఎక్కువగా మధ్యలో నిలబడి పైవారిని క్రిందివారిని కలుపుతూ ఉండటమే. మన గాయక బృందములో ఆల్టో పాడే అక్కలు నాతో ఎన్నిసార్లు అన్నారో! "మాకు రాగమే లేదయ్యగారూ, ఆ సొప్రానోవాళ్లు ఊరంతా తిరిగివస్తుంటే మేము ఒక్క స్వరముమీదనే నిలబడి ఉన్నాము." మీరు నిలబడకపోతే వారు తిరగలేరమ్మా, అని నేను చెబితే పాపము నవ్వుతారు గాని నమ్మరు. ఈ రోజైనా నమ్ముతారని ఆశ.

ఇక పాట సంగతి. బ్రామ్స్‌కు ఇరవై ఏండ్ల ప్రాయములో, 1853లో, ఒక స్నేహితుడు దొరికాడు. పేరు యోసెఫ్ యోవాఖిమ్. ఆ కాలపు వయొలిను విద్వాంసులలో అగ్రగణ్యుడు, వయోలా కూడ వాయించేవాడు. యూదుల కుటుంబములో పుట్టి 1855లో లూథరన్ సంఘములో బాప్తిస్మము పొందాడు. 1863లో అమాలియె అనే గాయనిని వివాహమాడాడు. ఆమెది లోతైన ఆల్టో గొంతు. పెండ్లి కోసము ఆమె ఒపెరా రంగస్థలమును వదులుకున్నది. మరుసటి సంవత్సరము వారికి కుమారుడు పుట్టాడు. బిడ్డకు స్నేహితుని పేరే, యోహానెస్ అని, పెట్టుకున్నారు. ఆ ఇంటికి బ్రామ్స్ ఇచ్చిన కానుక ఈ జోలపాట. తల్లి పాడటానికి, తండ్రి వయోలా వాయించటానికి, మూడవవారు పియానో దగ్గర కూర్చోవటానికి. సువార్తలోని తల్లి పాటను ఒక ఇంటి తల్లికి ఇచ్చాడన్నమాట.

ఆమె పాడే మాటలు స్పెయిను దేశపు కవి లోపె దె వేగా వ్రాసినవి. వాటిని జర్మను భాషలోకి తెచ్చినది గైబెల్ అనే కవి. బేత్లెహేము ఖర్జూర చెట్లలో గాలి హోరుమంటూ ఉంటే, బిడ్డ నిద్రపోవుచున్నాడు, కొమ్మలను కదలనియ్యవద్దని మరియ దేవదూతలను బతిమాలుతుంది. మధ్యలో పాట స్వరము మారి చీకటి పడుతుంది. ఈ బిడ్డ భూమి దుఃఖమును మోసి అలసిపోయినవాడని, చలి వేస్తున్నదని తల్లికి తెలిసిన చోటు అది. మీరు విన్నప్పుడు అక్కడ ఆమె గొంతు ఎంత క్రిందికి దిగిందో గమనించే ఉంటారు. తరువాత మరల మొదటి ఊయలకే వస్తుంది.

వయోలా వాయించే బాణీ మాత్రము బ్రామ్స్‌ది కాదు. అది జర్మనీలో మధ్యయుగములనుండి క్రిస్మసు కాలమున పాడుకునే పాత పాట. పూర్వము అక్కడి దేవాలయములలో క్రిస్మసునాడు నిజముగా ఒక ఊయల పెట్టి ఊపుతూ పాడేవారట. ఆ పాటలో మరియ యోసేపును పిలిచి, బిడ్డను ఊపటానికి సాయము పట్టమని అడుగుతుంది. బ్రామ్స్ ఆ బాణీని వయోలాకు ఇచ్చి, పాత పాట మాటలను స్వరప్రతిలో వయోలా వరుస క్రింద అచ్చువేయించాడు. వాటిని ఎవరూ పాడరు. వాయించేవాడు చదువుకుంటాడు, అంతే.

దీనిమీద నేను చాలాకాలము ఆలోచించాను. సువార్తలన్నిటిలో యోసేపు పలికిన మాట ఒక్కటైనా వ్రాయబడి ఉన్నదేమో వెదకి చూడండి. మరియ మాట్లాడుతుంది, జెకర్యా మాట్లాడతాడు, సుమెయోను మాట్లాడతాడు, గొల్లలు సహా మాట్లాడతారు. యోసేపు నిద్రపోతాడు, కల కంటాడు, లేస్తాడు, చెప్పినట్లు చేస్తాడు. క్రిస్మసు నాటకములలో మన పిల్లలు యోసేపు వేషము వేయటానికి అంతగా ఇష్టపడకపోవటానికి కారణము అదే, అతనికి డైలాగు లేదు. బ్రామ్స్ ఆ మాటలేని మనుష్యునికి వయోలాను ఇచ్చాడు. బొంగురు గొంతు, మధ్య స్థానము, ముందుగా వచ్చి చివరిదాకా తోడు ఉండటము. ఇంతకంటె మంచి యోసేపు వ్యాఖ్యానము నేను ఏ పుస్తకములోను చదువలేదు.

అయితే ఈ పాట చరిత్ర అక్కడితో ఆగితే నేను ఈ రోజు దీనిని తీసుకొని రాకపోదును.

యోవాఖిమ్ గొప్ప విద్వాంసుడే గాని మనసులో అనుమానపు పురుగు ఉన్నవాడు. పిల్లలు పెద్దవారగుచున్నారు, పేరు ప్రతిష్ఠలున్నాయి, అయినను భార్యను అనుమానించసాగాడు. బ్రామ్స్ సంగీతమును ప్రచురించే జిమ్రాక్ అనే ఆయనతో ఆమెకు సంబంధమున్నదని నమ్మాడు. ఆమె నిర్దోషియని బ్రామ్స్‌కు నిశ్చయము. 1880లో ఆమెకు ఒక పొడుగాటి ఉత్తరము వ్రాశాడు. ఆమెను తాను ఎన్నడును సందేహించలేదనియు, స్నేహితుని ఈ స్వభావము తనకు చాలాకాలముగా తెలిసినదే ననియు దాని సారము. అది ఓదార్పుగా వ్రాసిన ఉత్తరము. తరువాత విడాకుల వ్యాజ్యములో ఆమె దానిని న్యాయస్థానములో చూపించింది. తీర్పు ఆమె పక్షమున వచ్చింది. యోవాఖిమ్ బ్రామ్స్‌తో మాట్లాడటము మానివేశాడు. ముప్పది ఏండ్లకు దగ్గరపడిన స్నేహము ఒక్క ఉత్తరముతో తెగింది.

1884లో, ఆ దంపతులు విడిపోయిన ఏడే, బ్రామ్స్ ఆ జోలపాటను మొదటిసారిగా అచ్చుకు ఇచ్చాడు. ఇరవై ఏండ్లుగా తన దగ్గర ఉన్న పాటకు తోడు మరొక పాటను క్రొత్తగా కట్టాడు. అది కూడ ఆల్టో గొంతుకు, వయోలాకు, పియానోకే. తీరని కోరికలు ఎప్పుడు నిద్రపోతాయని అడిగే పాట అది. ఆ రెండిటినీ కలిపి అచ్చువేశాడు. ఇప్పుడు ఆ వయోలా వరుస క్రింది మాటలను మరల తలచుకోండి. భార్య యోసేపును పేరుపెట్టి పిలిచి, బిడ్డను ఊపటానికి రమ్మంటున్నది. 1864లో అది ఇంట్లో సరదా. 1884లో అదే మాట, అదే స్వరము, చదివిన యోసెఫ్ యోవాఖిమ్‌కు ఎలాగుండి ఉంటుందో!

ఆ దంపతులు మరల కలిసికొనలేదు. ఆ సంగతి దాచిపెట్టి కథను తీయగా చెప్పటము నాకిష్టము లేదు. అమాలియె కచేరీలలో పాడుతూ పిల్లలను చూచుకొని 1899లో చనిపోయింది. అయితే స్నేహితుల సంగతి వేరు. మాటలు లేని ఆ ఏండ్లలో కూడ యోవాఖిమ్ బ్రామ్స్ సంగీతమును కచేరీలలో వాయించటము మానలేదు. ఇది నాకు ఆశ్చర్యము. మనము ఒకరితో కోపము వస్తే వారు కట్టిన పాటను సంఘములో పాడనియ్యము. 1887లో బ్రామ్స్ వయొలినుకు, చెల్లోకు కలిపి ఒక పెద్ద కృతి వ్రాసి, ముందు యోవాఖిమ్‌కు కబురు పంపాడు. ఇష్టము లేకపోతే ఒప్పుకొనవద్దని అన్నట్లే అడిగాడు. ఆయన ఒప్పుకున్నాడు. ఆ అక్టోబరులో కొలోను పట్టణములో బ్రామ్స్ నడిపించగా యోవాఖిమ్ వాయించాడు. సమాధానపడటానికి వారు ముందు కూర్చొని పాత లెక్కలు తేల్చుకోలేదు. ముందు కలిసి ఒక పని చేశారు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పక తప్పదు. పేర్లు చెప్పను, ఊరు చెప్పను. నాకొక ప్రాణ స్నేహితుడు ఉండేవాడు. అతని పెండ్లిలో ప్రార్థన చేసినది నేనే. కొన్నాళ్లకు ఆ ఇంట కలతలు వచ్చి, అతని భార్య నా దగ్గరకు వచ్చి కన్నీళ్లతో అడిగితే, ఆమె నడతను గూర్చి నేనెరిగినది కాగితముమీద పెట్టి సంతకము చేసి ఇచ్చాను. అది వకీలు చేతికి, అక్కడనుండి కోర్టుకు పోయింది. స్నేహితుడు ఫోను చేసి ఒక్క మాట అన్నాడు: "రాసేముందు నా దగ్గరికి ఒక్కసారి రావాలనిపించలేదురా నీకు?" ఆ తరువాత పదకొండు సంవత్సరములు మాటలు లేవు.

నేను వ్రాసినది అబద్ధము కాదు. ఈ రోజు అడిగినా అదే వ్రాస్తాను. ఆమెకు అవసరమైనప్పుడు మౌనముగా ఉండటము తప్పే అయ్యేది. కాని అతడడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. సహోదరుని దగ్గరకు ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడమని మత్తయి సువార్త పదునెనిమిదవ అధ్యాయములో ప్రభువు చెప్పిన క్రమమును ఎన్ని సంఘ తగవులలో పెద్దలకు బోధించానో లెక్కలేదు. నా వంతు వచ్చినప్పుడు బస్సెక్కి నాలుగు గంటల ప్రయాణము చేయటానికి నాకు తీరిక దొరకలేదు. నిజము చెప్పటము వేరు, నిజమును ఎవరి ముఖము చూడకుండా కాగితముమీద చెప్పి తప్పించుకోవటము వేరు. బ్రామ్స్ కథ చదివిన రోజున నాకు తెలిసినది ఇది.

"ఇంతకూ ఆయన విశ్వాసియా, అయ్యగారూ?" అని ఒక యువకుడు నన్ను అడిగాడు. ఈ ప్రశ్న 1867లోనే వచ్చింది. బ్రామ్స్ చనిపోయినవారిని గూర్చి దుఃఖించేవారి కొరకు లూథరు బైబిలునుండి తానే వచనములు ఏరుకొని ఒక గొప్ప కృతి కట్టాడు. బ్రెమెను పట్టణపు పెద్ద దేవాలయములో సంగీతము నడిపించే రైన్‌థాలర్ అనే ఆయన, ఇందులో క్రీస్తు విమోచన మరణమును గూర్చి ఏమియు లేదే, కొంచెము చేర్చరాదా అని వ్రాశాడు. బ్రామ్స్ చేర్చలేదు. అందుచేత 1868 ఏప్రిలు 10న, మంచి శుక్రవారమునాడు, అక్కడ ఆ కృతిని వినిపించినప్పుడు హాండెల్ మెస్సీయలోనుండి, విమోచకుడు సజీవుడని ప్రకటించే పాటను కలిపారు. ఆ పాట పాడినది ఎవరనుకున్నారు? మన అమాలియెయే. వేదాంతపు లోటును ఆ తల్లి గొంతు పూడ్చిందని నేను సరదాగా అంటాను.

రైన్‌థాలర్ అడిగినది తప్పు కాదు, నేనైనా అడుగుదును. బ్రామ్స్ మన సంఘ ఒప్పుదల ప్రకారము విశ్వాసియని నేను సాక్ష్యమియ్యలేను. అయితే చిన్ననాటి బైబిలును చివరిదాకా దగ్గర పెట్టుకొని చదివినవాడు. 1896లో, చనిపోవటానికి ముందటి సంవత్సరము, ఆయన చేసిన నాలుగు పాటలకు మాటలన్నీ లేఖనములలోనివే. రెండు ప్రసంగి గ్రంథమునుండి, ఒకటి మన బైబిలులో చేర్చని సీరాకు గ్రంథమునుండి. ఆ మూడును మరణమును గూర్చి, బాధింపబడినవారి కన్నీళ్లను గూర్చి. నాలుగవది మొదటి కొరింథీయుల పదుమూడవ అధ్యాయము. చావు దగ్గర మొదలుపెట్టి ప్రేమ దగ్గరకు వచ్చి ఆగాడు. గాత్రమునకు బదులు వయోలాతో ఆ పాటలను వాయించేవారు కూడ ఉన్నారు. వయోలా, పియానో మాత్రమే వినాలనుకునేవారు ఆయన 1894లో వ్రాసిన రెండు సొనాటాలు వినండి. క్లారినెటు కోసము వ్రాసి, తానే వయోలాకు మార్చి ఇచ్చాడు. వాటిని గూర్చి చెప్పటానికి సమయము చాలదు.

రికార్డులోని ముగ్గురి సంగతి చెప్పి ముగిస్తాను. మేరియన్ ఆండర్సన్ 1897 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో, నల్లవారి కుటుంబములో పుట్టారు. బ్రామ్స్ ఆ ఏప్రిలులో చనిపోయాడు. ఆమెను పెంచినది ఒక బాప్తిస్టు సంఘపు గాయక బృందము. ఆరేండ్ల ప్రాయమునుండి పాడుతూ, ఎవరు రాకపోతే వారి వంతు, సొప్రానో అయినా ఆల్టో అయినా, తానే పాడేవారు. తండ్రి చనిపోయి ఇల్లు గడవని రోజులలో సంఘస్థులు చందాలు వేసికొని ఆమెకు సంగీతము నేర్పించారు. ఒక సంగీత పాఠశాల ఆమె రంగు చూచి గుమ్మములోనే త్రిప్పి పంపింది. తరువాత లోకమంతటా పేరు వచ్చాక కూడ, 1939లో వాషింగ్టనులో ఒక పెద్ద హాలులో పాడనియ్యలేదు. అప్పుడు ఈస్టరు ఆదివారమున, ఏప్రిలు 9న, లింకను స్మారక మందిరపు మెట్లమీద నిలబడి సుమారు 75,000 మంది ముందు పాడారు. ఆమె కచేరీలలో జర్మను పాటలతోబాటు, బానిసలుగా ఉన్న తన పితరులు కట్టుకున్న భక్తిగీతములు కూడ ఉండేవి. 1957లో మన దేశమునకు కూడ వచ్చారు. గుమ్మము బయట నిలబెట్టబడటము అంటే ఏమిటో మన తాతలకు తెలుసు. కనుక ఆమెను గూర్చి నేను ఎక్కువ వివరించనక్కరలేదు.

పియానో దగ్గరనున్న ఫ్రాంజ్ రుప్ జర్మను దేశస్థుడు. నాజీల పాలనలో, 1938లో, స్వదేశము విడిచి అమెరికా చేరాడు. ప్రింరోజ్ స్కాట్లండువాడు, వయొలిను వాయిస్తూ వయోలాకు మారినవాడు. యూదుడిగా పుట్టిన ఒక స్నేహితుని బిడ్డకు జర్మనుడు కట్టిన జోలపాటను, ఐరోపా అంతా యుద్ధములో మండుతున్న 1941లో, వీరు ముగ్గురూ కలిసి ఇంత మెల్లగా, ఇంత నిదానముగా వినిపించారు.

పోయిన క్రిస్మసుకు ముందు నా స్నేహితునికి ఉత్తరము వ్రాశాను. సమర్థించుకోవటానికి కాదు. ముందు నీ దగ్గరకు రావలసినది, రాలేదు, అని మాత్రము వ్రాశాను. జవాబు రాలేదు. ఈస్టరు తరువాత బస్సెక్కి వెళ్లదలచుకున్నాను. తలుపు తీస్తాడో లేదో తెలియదు.

తమ్ముడు ఆ పాటను ఇప్పుడు మరల ఒకసారి వేస్తాడు. మొదటిసారి మీరందరు ఆండర్సన్‌గారి గొంతునే విని ఉంటారు, అది సహజమే. ఈసారి ఆమె వెనుకనున్న వయోలాను వినండి. ఆల్టో అక్కలు ముఖ్యముగా.